మీ వీధిలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి?

అందరికీ నమస్కారం.

కర్నూలులో ఇల్లు కొనేవాళ్ళు బోరులో నీళ్ళు పడతాయా అని తప్పకుండా అడుగుతారు. ఆ వీధి మునిగిందా అని అడిగేవాళ్ళు తక్కువ. కరువు సీమ కదా, వరద మనది కాదనుకుంటాం.

ఈ ఊరు తుంగభద్ర, హంద్రీ కలిసే చోట ఉంది. 2009 అక్టోబరు మొదట్లో రెండూ పొంగాయి. దిగువన శ్రీశైలం జలాశయం 885 అడుగుల పూర్తి మట్టం దాటిపోయింది. పోయే దారి లేక నీళ్ళు ఊరి మీదికి మళ్ళాయి. పాతబస్తీ జనం మిద్దెలెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. మన ఊళ్ళో ఎంత వాన పడిందన్నది చూసుకుంటే చాలదండీ, కర్ణాటకలో కురిసినది కూడా మన గడపదాకా వస్తుంది.

అనంతపురం సంగతి చూడండి. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అదొకటి. అక్కడ 2022 అక్టోబరులో నడిమివంక అనే వాగు పొంగి కాలనీలు మునిగాయి. ఏళ్ళ తరబడి ఎండిపోయిన వంక ఖాళీ జాగాలాగే కనిపిస్తుంది. ముందు గుడిసె పడుతుంది, తర్వాత ప్లాట్లు పడతాయి. కడపలో బుగ్గవంకది కూడా ఇదే కథ.

దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. పల్లంలో బాడుగ తక్కువ కాబట్టి కూలిపని చేసుకునేవాళ్ళు అక్కడే, కింది వాటాలోనే ఉంటారు. పాత మట్టిగోడల ఇళ్ళకైతే నీళ్ళు తీసిన తర్వాతే అసలు గండం. నానిన గోడ నాలుగు రోజులకు కూడా కూలుతుంది. వరద తగ్గిందని వెంటనే లోపల పడుకోకండి.

2021 నుంచి భారత్ గృహ రక్ష అనే బీమా ఉంది. వరద నష్టం అందులోకి వస్తుంది. బాడుగకుండేవాళ్ళు సామాన్లకు మాత్రమే బీమా చేయించుకోవచ్చు. ఇంటి లోన్ తీసుకున్నవాళ్ళు తమ బీమా పాలసీలో వరద ఉందో లేదో ఈ వారమే చూసుకోండి.

మనం నగరపాలక సంస్థను అడగాల్సింది ఒకటుంది. 2009 నీటిమట్టాన్ని ప్రతి వీధిలో కరెంటు స్తంభం మీద రంగుతో గుర్తు పెట్టాలి. అప్పుడు బాడుగకు వచ్చేవాళ్ళకూ, స్థలం కొనేవాళ్ళకూ ఎవరూ నిజం దాచలేరు. అర్జీ తలుపు దగ్గర బల్ల మీద ఉంది. సంతకం పక్కనే, మీ వీధిలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో కూడా రాయండి.