నాన్న, నేను, పోయిన నాలుగు కిలోమీటర్లు

నేను: నమస్కారం. ఈ ఎపిసోడ్ మా తిరుపతి ఇంటి వరండాలోనే రికార్డు చేస్తున్నాం. మధ్యలో ఆటో హారన్లు వినపడితే సర్దుకోండి. పక్కన ఉన్నది మా నాన్న. ఎనభైల నుంచి కొండకి అంబాసిడర్ టాక్సీ తోలిన మనిషి.

నాన్న: నమస్తే. కూర్చోబెట్టింది పాపే గానీ, కారు జబ్బు అసలు పట్టుకుంది ఎవరో చివర్లో తేల్చుకుందాం.

నేను: తేల్చుకుందాంలే. నా ఎనిమిదేళ్ల పెట్రోల్ కారు లీటరుకు 17 కిలోమీటర్లు ఇచ్చేది. పోయిన ఎండాకాలం తర్వాత 13కి పడిపోయింది.

నాన్న: 13 అని నీకెట్లా తెలిసింది? ముందు అది చెప్పు. డ్యాష్‌బోర్డు మీద కనపడే అంకెను నేను నమ్మను.

నేను: నేనూ నమ్మలేదు. ఒకే బంకు, ఒకే పంపు. గన్ను దానంతటదే ఆగేదాకా ఫుల్ ట్యాంక్ కొట్టించి, ట్రిప్ మీటరు సున్నా చేశా. మళ్లీ అక్కడే ఫుల్ చేయిస్తే 412 కిలోమీటర్లకు 31.2 లీటర్లు పట్టింది. భాగిస్తే 13.2.

నాన్న: అందులో కొండ ట్రిప్పు లేదు కదా?

నేను: లేదు. తిరుపతి కంటే తిరుమల సుమారు 700 మీటర్లు ఎత్తు. ఐదుగురున్న కారును అంత పైకి లేపడానికే, ఇంజిన్‌లో వృథాగా పోయేది కూడా కలిపితే, దగ్గర దగ్గర లీటరు కావాలి. కొండకి పోయొచ్చిన వారం లెక్కేస్తే మంచి బండికి కూడా రోగం అంటగడతాం.

నాన్న: ఆదివారం పొద్దున స్పార్క్ ప్లగ్గులు విప్పినా. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే విప్పాలి, వేడి మీద విప్పితే మరలు పాడవుతాయి. నాలుగూ కాటుక పూసినట్టు నల్లగా ఉన్నాయి, పొడి మసి. బాగున్న ప్లగ్గు కొన లేత గోధుమ రంగులో ఉంటుంది, పాలెక్కువైన కాఫీ మాదిరి. మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువ పడుతోందని అర్థం. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయిందని చెప్పినా.

నేను: అక్కడే మనకు గొడవ. కార్బురేటర్ బండికి నువ్వు చెప్పింది నిజం. గాలి తగ్గినా పెట్రోలు పడుతూనే ఉంటుంది. ఇప్పటి ఇంజెక్షన్ బండిలో లోపలికి ఎంత గాలి వస్తోందో సెన్సర్ చూసి, దానికి తగ్గట్టు కంప్యూటర్ పెట్రోలు కొలిచి పోస్తుంది. 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల వాళ్లు కావాలనే ఫిల్టర్లు మూసి పరీక్షిస్తే, ఇంజెక్షన్ కార్లలో మైలేజీ పెద్దగా మారలేదు. పికప్ మాత్రం తగ్గింది.

నాన్న: అయినా మార్పించినా కదా.

నేను: మార్చాం, దులిపితే అర గంపెడు ఎర్రమట్టి రాలింది. మార్చడం మంచిదే, ఆ దుమ్ము సిలిండర్లోకి పోతే ఇంజిన్ అరుగుతుంది. కానీ మైలేజీ? మళ్లీ పదమూడే.

నాన్న: అప్పుడు నువ్వు ఆ డబ్బీ తెచ్చినావు.

నేను: డబ్బీ కాదు నాన్నా, ఓబీడీ స్కానర్. స్టీరింగ్ కింద ఉండే సాకెట్లో పెడితే ఇంజిన్ లెక్కలన్నీ ఫోన్లోకి వస్తాయి. చంద్రగిరి దాటాక చిత్తూరు రోడ్డులో 80 స్పీడులో పోతున్నాం. కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, దాని వేడి 64 డిగ్రీలు చూపిస్తోంది. పాకాల దగ్గర పడుతున్నా అదే 64. ఉండాల్సింది 90 ప్రాంతంలో.

నాన్న: ఇంజిన్ చల్లగా ఉంటే మంచిదే కదా అనుకుంటారు జనం.

నేను: అదే తంటా. వేడెక్కని ఇంజిన్‌కు కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది, చలికాలం పొద్దున స్టార్ట్ చేసినప్పటి మాదిరి. పైగా ఆయిలు చిక్కగానే ఉంటుంది, రాపిడి ఎక్కువ. ప్లగ్గుల మీద మసి ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది. వేడి కొలిచే సెన్సర్ పోయిందేమో అనుకున్నా.

నాన్న: సెన్సర్ కొనబోతుంటే నేనే ఆపినా. పొద్దున్నే చల్ల బండి స్టార్ట్ చేయించి, రేడియేటర్ పైగొట్టం మీద చెయ్యి పెట్టినా. ఫ్యానుకీ బెల్టుకీ దూరంగా, చొక్కా చేతులు మడుచుకుని. థర్మోస్టాట్ అంటే ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి పోనీయని వాల్వు. అది సరిగ్గా ఉంటే ఆ గొట్టం కొన్ని నిమిషాలు చల్లగానే ఉండి, ఉన్నట్టుండి వేడెక్కుతుంది. ఇక్కడ మొదటి నిమిషం నుంచే కొద్దికొద్దిగా వెచ్చబడుతోంది. వాల్వు మూసుకోవడం లేదు, లేదా వాల్వే లేదు.

నేను: ఇంజిన్ పూర్తిగా చల్లారాక థర్మోస్టాట్ గూడు మూత విప్పి చూస్తే లోపల ఖాళీ! పోయిన మే నెలలో రేణిగుంట రోడ్డు ట్రాఫిక్‌లో హీటెక్కిందని ఒక షెడ్డులో ఇచ్చా. "మన ఎండలకి ఇదెందుకు మేడమ్" అని థర్మోస్టాట్ పీకేసి, కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసి పంపారు. హీటింగ్ తగ్గింది, నేనూ సంతోషించా.

నాన్న: అసలు జబ్బు రిలేది, అంటే రేడియేటర్ ఫ్యానును ఆన్ చేసే స్విచ్చుది. పాయింట్లు కాలిపోయినాయి. అది మార్చకుండా థర్మోస్టాట్ తిరిగి పెడితే మళ్లీ హీటెక్కేది.

నేను: పీకేసిన థర్మోస్టాట్ ఎక్కడ దొరికిందో చెప్పు.

నాన్న: డిక్కీలో స్టెప్నీ కింద, ప్లాస్టిక్ కవర్లో, రెండు పాత బోల్టులతో పాటు. పారేయకుండా వంటింట్లోకి తీసుకుపోయినా. వాల్వు సందులో దారం ఇరికించి, అడుగు తగలకుండా గిన్నెలో వేలాడదీసి నీళ్లు కాచినా. దాని మీద 82 అని కొట్టి ఉంది. గిన్నె అడుగున చిన్న బుడగలు లేచి, నీళ్లు ఇంకా తెర్లకముందే వాల్వు తెరుచుకుని, దారం వదిలేసి డుబుక్కున పడింది. అంటే బాగుంది.

నేను: కొత్త గ్యాస్కెట్, రిలే కొన్నాం. బోరు నీళ్లు తీసేసి, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం పోశాం. గాలి బుడగలు పోయేదాకా ఇంజిన్ నడిపాం. వేడి 90 దాటి ఇంకాస్త ఎక్కగానే ఫ్యాను గుర్రుమని తిరిగింది. ఈ పని మీరు చేసుకుంటే ఒకటే మాట: వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోవద్దు, ముఖాన చిమ్ముతుంది.

నాన్న: ఆయిలు సంగతి చెప్పలేదు.

నేను: దాని మీదా గొడవే కదా. నీ అంబాసిడర్‌కు చిక్కటి 20డబ్ల్యూ-40 ఆయిలు సరిపోయేది. నా కారు పుస్తకంలో పల్చటి 0డబ్ల్యూ-20 అని ఉంది. చిక్కటిది పోస్తే ఇంజిన్‌కు భారం ఎక్కువ. టైర్ల గాలి డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద రాసినంత, పొద్దున చల్లగా ఉన్నప్పుడు. అంతే.

నాన్న: కొండ దిగేటప్పుడు న్యూట్రల్‌లో పెడితే మిగిలే పెట్రోలు ఎవరికి చేదు? మేమంతా అట్లానే దిగేవాళ్లం.

నేను: అట్లా దిగి బతికారు, అది వేరే సంగతి! గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంజెక్టర్లు పెట్రోలు పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగిపోకుండా పోస్తూనే ఉండాలి. పాత ఘాట్ రోడ్డులో స్కానర్ పెట్టి చూపించా కదా, గేరులో సున్నా!

నాన్న: ఆ డబ్బీ అట్లా చెప్తోందిలే.

నేను: పోయిన వారం మళ్లీ ఫుల్ ట్యాంక్ లెక్క. 395 కిలోమీటర్లకు 24 లీటర్లు, 16.5. పాత 17 పూర్తిగా రాలేదు. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ 20 శాతం, ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. అది మన చేతిలో లేదు.

నాన్న: ఖర్చు కూడా చెప్పు.

నేను: రిలే, గ్యాస్కెట్, కూలెంట్ అంతా కలిపి పద్దెనిమిది వందలు. అందులో అమ్మకు కొన్న కొత్త పాలగిన్నె కలపలేదు. కూలెంట్ అంటిన వస్తువు పెట్టి కాచావని, ఆ పాత గిన్నె ఇప్పుడు గ్యారేజీలో బోల్టులు వేసుకోవడానికి ఉంది.

నాన్న: మంచి గిన్నెమ్మా అది.