మన పిల్లలకు స్పానిష్ మన భాషలోనే చెప్పండి
(పర్లాకిమిడిలో తెలుగు భాషా దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు నమస్కారాలు. నాకు అక్షరాలు దిద్దించిన తెలుగు మాస్టారు ముందు వరసలోనే కూర్చున్నారు, వారికి పాదాభివందనం. పాతపట్నం నుంచి, కాశీనగరం నుంచి, గుణుపురం నుంచి వచ్చిన వాళ్ళకి, ఈ హాలు ఇచ్చిన కమిటీ వాళ్ళకి, ఇందాకటి నుంచి మైకుతో అవస్థ పడుతున్న తమ్ముడికి, అందరికీ నమస్కారం. మన ఒడియా మిత్రులు కూడా చాలామంది వచ్చారు. ఆపణమానంకు నమస్కార.

ఆహ్వాన పత్రికలో నా అంశం 'గిడుగువారి భాషాసేవ' అని వేశారు. తప్పకుండా చెప్తాను. కానీ నేను యూనివర్సిటీలో పిల్లలకి స్పానిష్ చెప్పుకునేదాన్ని. గిడుగువారి గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్ళు ఈ హాల్లోనే పదిమంది ఉన్నారు. నాకు తెలిసింది నా క్లాసు. ఆ క్లాసు గురించి ఎక్కడైనా చెప్పుకోవాలంటే అది ఈ ఊళ్ళోనే చెప్పుకోవాలి. ఎందుకో మీకే తెలుస్తుంది.

గిడుగు రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1880లో మన ఊరి బడిలో మాస్టరుగా చేరారు. చుట్టూ కొండల్లో సవరలనే గిరిజనులు. వాళ్ళ మాట ఇక్కడివాళ్ళకి అర్థం కాదు, ఇక్కడివాళ్ళ చదువు వాళ్ళకి అందదు. పంతులుగారికి ఆ భాష నేర్చుకోవాలనిపించింది. పుస్తకం లేదు, లిపి లేదు, నేర్పే బడి లేదు. ఆయనేం చేశారు? తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని తన ఇంట్లోనే పెట్టుకుని, అతని నోటి నుంచి నేర్చుకున్నారు. అడవుల్లో తిరిగితే మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల ఆయనకి చెవుడు వచ్చింది, అది జీవితాంతం ఉండిపోయింది. ఒక భాషను వినడానికి వెళ్ళి చెవులే పోగొట్టుకున్నారు. అయినా వదల్లేదు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయింది.

ఇందులో ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. ఆయన సవర నేర్చుకున్నది తెలుగు మీదుగా. తనకు బాగా వచ్చిన భాషను పక్కన పెట్టేసి కాదు.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. నేను హైదరాబాదులో చదువుకునే రోజుల్లో స్పానిష్ మౌఖిక పరీక్ష జరిగింది. లోపలికి వెళ్ళగానే 'తెంగో ఉనా ప్రెగుంతా' అన్నాను. నాకో ప్రశ్న ఉంది అని. 'తెంగో'లోని ఆ త, మన తల్లి, తమ్ముడు, తాటిపండులో ఉన్న త. పరీక్ష చేసే మేడమ్ తల అడ్డంగా ఊపి, కాగితం మీద ఎర్ర సిరాతో రాశారు: 'మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్ ఎక్కువ'. నా తర్వాత వెళ్ళిన అమ్మాయి కాన్వెంటు చదువు, ఇంగ్లీషు వాళ్ళలాగా నాలుక పైకెత్తి, గాలి ఊదుతూ 'ఠెంగో' అంది. ఆ అమ్మాయికి మంచి మార్కులు పడ్డాయి.

తర్వాత లైబ్రరీలో స్పెయిన్ వాళ్ళవి, మెక్సికో వాళ్ళవి రికార్డింగులు వేసుకుని గంటలకొద్దీ విన్నాను. వాళ్ళు అంటున్నది నా త నే! గాలి ఊదని త. మన క, మన ప కూడా అంతే. స్పానిష్ వాళ్ళు 'పాద్రే' అంటే మన పాలులో ఉన్న పా వినిపిస్తుంది. ఆ మేడమ్ స్పానిష్ నేర్చుకున్నది ఇంగ్లీషు మీదుగా. అందుకని ఇంగ్లీషుకి దగ్గరగా ఉన్నదంతా ఆవిడకి ఒప్పుగా, తెలుగుకి దగ్గరగా ఉన్నదంతా తప్పుగా వినబడింది. ఆ ఎర్ర సిరా చూసి నేను రెండో సంవత్సరం నోరు విప్పడమే మానేశాను. ఇన్నేళ్ళయినా ఆ కోపం నాకు తగ్గలేదు. తగ్గకూడదనే అనుకుంటాను, ఎందుకంటే అదే ఎర్ర సిరా ఇప్పటికీ మన పిల్లల కాగితాల మీద పడుతోంది.

వెనక బెంచీల్లో కాలేజీ పిల్లలున్నారు కదా, మీరొకసారి నాతో అనండి. 'పేరో'. మన 'పేరు'లో ర లాగా, తేలిగ్గా. కానీ అని దానికి అర్థం. ఇప్పుడు 'పెర్రో'. నాలుక దడదడలాడాలి. కుక్క అని అర్థం. మళ్ళీ అనండి. చూశారా, హాలంతా వచ్చేసింది! మన తాతల కాలంలో ర, ఱ అని రెండు రాసేవాళ్ళు. ఇంగ్లీషు వాళ్ళు ఈ పెర్రో కోసం నెలల తరబడి తంటాలు పడతారు. మీకు ఒక్క నిమిషం పట్టింది.

ఇక అసలు విషయం. యూరప్ వాళ్ళు భాష ఎంత వచ్చిందో కొలవడానికి ఆరు మెట్లు పెట్టుకున్నారు: ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2. ఈ పద్ధతి 2001 నుంచి పుస్తకంగా ఉంది. ఢిల్లీలో కూడా శాఖ ఉన్న స్పెయిన్ ప్రభుత్వ సంస్థ సెర్వాంతెస్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు పెట్టే డేలే అనే స్పానిష్ పరీక్ష ఈ మెట్ల ప్రకారమే ఉంటుంది. మొదటి రెండు మెట్లూ పిల్లలు హుషారుగా ఎక్కేస్తారు. పేరు చెప్పడం, కాఫీ అడగడం, బస్సు ఎక్కడ ఆగుతుందో కనుక్కోవడం. మూడో మెట్టు, బి1 దగ్గరే చతికిలబడతారు. నేను చెప్పేది ఆ క్లాసే. అక్కడ నిన్న ఏం జరిగిందో చెప్పాలి, చిన్నప్పుడు ఎలా ఉండేదో చెప్పాలి, ఏం జరగాలని కోరుకుంటున్నామో చెప్పాలి. అప్పటిదాకా కంఠతా పట్టిన వాక్యాలు ఇక్కడ పనికిరావు. జోరుగా మొదలుపెట్టిన పిల్లలు ఒక్కొక్కరే క్లాసు మానేస్తారు. యూనివర్సిటీల్లో మంచి విద్యార్థులు మనకి పోతున్నది ఇక్కడే.

నా క్లాసులో రాయగడ వైపు అమ్మాయి ఒకతె ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ, కాలేజీలో ఇంగ్లీషు. స్పానిష్‌లో ఉన్న రెండు ముఖ్యమైన భూతకాలాల పాఠం వచ్చేసరికి పూర్తిగా మూగబోయింది. ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలో దాని గురించి రెండు పేజీల నియమాలున్నాయి. అవి చదివి ఇంకా భయపడింది. నేను పుస్తకం మూయించి, 'ఇంగ్లీషు వదిలెయ్యమ్మా, చిన్నప్పటి సంగతి ఏదైనా ముందు తెలుగులో చెప్పు' అన్నాను. ఆ పిల్ల అంది: 'చిన్నప్పుడు మేం పండక్కి గుణుపురం వెళ్ళేవాళ్ళం మేడమ్. ఒకసారి వెళ్తూ ఉంటే ఘాటీలో బస్సు ఆగిపోయింది.'

అంతే, పాఠం అయిపోయింది. వెళ్ళేవాళ్ళం అన్నచోట 'ఈబామోస్'. వెళ్తూ ఉంటే అన్నచోట కూడా 'ఈబామోస్'. ఆగిపోయింది అన్నచోట 'సె పరో'. అలవాటుగా జరిగేదానికీ, జరుగుతూ ఉన్నదానికీ ఒక కాలం; జరిగి తెగిపోయినదానికి ఇంకో కాలం. వెళ్ళాం వేరు, వెళ్ళేవాళ్ళం వేరు అని మన మూడేళ్ళ పిల్లకి కూడా తెలుసు. ఎవరూ నియమం చెప్పకుండానే తెలుసు. ఇంగ్లీషులో 'వెంట్' అన్న ఒక్క మాటే రెండు చోట్లా సర్దుకుపోతుంది కాబట్టి, ఇంగ్లీషులో ఆలోచించే పిల్లలకి ఈ తేడా పట్టదు. ఆ అమ్మాయి ఆరోజు బస్సు కథంతా స్పానిష్‌లో చెప్పింది, డ్రైవరు కొబ్బరికాయ కొట్టడంతో సహా. రెండు చోట్ల తడబడింది. నేను దిద్దలేదు. కథ పూర్తవనిచ్చాను.

ఇంకోటి చెప్తాను. 'నాకు ఈ ఊరు నచ్చింది.' ఇక్కడ నచ్చింది అన్న క్రియ దేనితో పోతోంది? ఊరితో. ఊళ్ళయితే 'నచ్చాయి'. స్పానిష్ కూడా అచ్చం ఇంతే. 'మే గుస్తో ఎల్ ప్వేబ్లో', ఊళ్ళు ఎక్కువైతే 'మే గుస్తారోన్'. 'నాకు' అన్నదానికి 'మే'. ఒడియాలో 'మోతె భల లాగె' అంటాం, అదీ ఇదే కట్టు. ఇంగ్లీషులో నేను ఊరిని ఇష్టపడ్డాను అన్నట్టు తిరగేసి చెప్పాలి. ఆ తిరగేసినదాన్ని మళ్ళీ తిరగేసి స్పానిష్ చేయమంటున్నాం మన పిల్లల్ని! ఎందుకమ్మా ఈ శ్రమ? 'ఆమె టీచరు' అనడానికి మనకి ఉంది అక్కర్లేదు, 'ఆమె ఇంట్లో ఉంది' అనడానికి కావాలి. స్పానిష్‌లో మొదటిదానికి 'ఎస్', రెండోదానికి 'ఎస్తా'. అన్నిచోట్లా సరిగ్గా సరిపోతుందని నేననను, కానీ ముందు అడుగు వేయడానికి చాలు. నువ్వు, మీరు తేడా ఉంది, 'తూ', 'ఉస్తేద్'. 'వస్తావని తెలుసు' అన్నప్పుడు ఒకలా, 'రావాలని కోరుకుంటున్నా' అన్నప్పుడు ఇంకోలా మన క్రియ మారుతుంది కదా, బి1 పిల్లలు హడలిపోయే సుబ్‌హుంతీవో, అంటే కోరికల్లాంటివి చెప్పే క్రియారూపం, ఆ పాఠానికి అదే తలుపు. 'సే కె వియెనెస్', 'కియెరో కె వెంగాస్'.

అన్నీ తేలికే అని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. స్పానిష్‌లో బల్ల ఆడది, పుస్తకం మగది. తెలుగు గానీ ఒడియా గానీ అక్కడ మనల్ని ఆదుకోవు. హిందీ అలవాటున్నవాళ్ళకి కొంత నయం, కానీ అది కూడా ఒక్కోచోట దారి తప్పిస్తుంది. 'మానో' అంటే చెయ్యి, ఓ తో ముగిసినా ఆడదే. 'ప్రొబ్లేమా' ఆ తో ముగిసినా మగదే. ఇవి కూర్చుని కంఠస్థం చేయాల్సిందే, మాట ముందుండే మగ గుర్తు ఎల్, ఆడ గుర్తు లా తో కలిపి. దానికి వేరే మార్గం లేదు.

అధ్యక్షులవారు వాచీ చూపిస్తున్నారు. ఇంకొంచెం ఓపిక పట్టండి సార్, ఈ ఊళ్ళో చెప్పాల్సింది ఇప్పుడే వస్తోంది.

నిన్న సాయంత్రం బజారుకి వెళ్ళాను. కొండ నుంచి అల్లం, అనాసపళ్ళు తెచ్చుకుని సవర ఆడవాళ్ళు కూర్చున్నారు. ఒకావిడ నాతో తెలుగులో బేరమాడింది. నా పక్కనున్న కానిస్టేబుల్‌తో ఒడియాలో మాట్లాడింది. అల్లం కుప్పలోంచి మట్టి రాలుస్తూనే తన కూతురికి సవరలో చిల్లర లెక్క చెప్పింది. ఎక్కడా తడుముకోలేదు. ఆవిడ కూతురు రేపు కాలేజీకి వస్తే మనం ఏమంటాం? ఇంగ్లీషు వీక్ అంటాం. స్పానిష్ క్లాసుకి అప్లికేషన్ పెడితే, ముందు ఇంగ్లీషు బాగు చేసుకుని రా అంటాం. మూడు భాషలు మోస్తూ వచ్చిన పిల్లని గుమ్మంలోనే ఆపేస్తున్నాం!

పరాగ్వే అని దక్షిణ అమెరికాలో ఒక దేశం ఉంది. అక్కడ స్పానిష్‌తో పాటు గ్వారనీ అనే అక్కడి మూలవాసుల భాష కూడా బతికి ఉంది. 1992 నాటి రాజ్యాంగం రెంటినీ అధికార భాషలన్నది. జనం ఒకే వాక్యంలో రెండూ కలిపి మాట్లాడుకుంటారు. నేను పిల్లలకి ఆ సంగతి చెప్పినప్పుడు, ఒకబ్బాయి, 'అయితే మన పర్లాకిమిడే కదా మేడమ్' అన్నాడు. అవున్నాయనా, మన పర్లాకిమిడే.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. ఈ ఊరు అటు పోయింది. గిడుగువారు రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. కానీ మనం వెళ్ళలేదు కదా, ఇక్కడే ఉన్నాం. తెలుగు, ఒడియా, సవర కలిసి ఉన్నాం. తల్లులకు ఒక మాట. బడివాళ్ళు 'ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి' అని చెప్పారని మీరు పిల్లలతో వచ్చీరాని ఇంగ్లీషు మాట్లాడకండమ్మా. మీ అమ్మగారు మీతో మాట్లాడిన తెలుగే మాట్లాడండి. 'ఎల్లీవోలం' అన్నా ఫర్వాలేదు, అందులో కూడా ఆ కాలం తేడా ఉంది. ఆ తేడా పిల్ల చెవిలో పడితే చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

యూనివర్సిటీల వాళ్ళు ఎవరైనా ఈ సభలో ఉంటే వాళ్ళనీ అడుగుతున్నాను. బి1 దాకా వివరణ తెలుగులోనో ఒడియాలోనో చెప్పుకునే వీలు ఇవ్వండి. పరీక్ష స్పానిష్‌లోనే పెట్టండి, కఠినంగానే పెట్టండి. వివరణ మాత్రం పిల్లకి వచ్చిన భాషలో ఉండనివ్వండి. మౌఖిక పరీక్ష చేసేవాళ్ళకి ముందు స్పానిష్ వాళ్ళ గొంతు వినిపించండి, మన పిల్లల త మీద ఎర్ర సిరా వేసే ముందు.

ఎవరో ఇస్తారని నేను కూర్చోను. నా క్లాసు పిల్లలు స్పానిష్, తెలుగు, ఒడియా మాటలతో ఒక నోట్‌బుక్ రాస్తున్నారు, వాక్యాలతో సహా. సవర కూడా చేర్చాలి, దానికి సవర పిల్లలు కావాలి. సెలవుల్లో ఈ హాలు పక్కగదిలో ఆదివారం ఉదయం క్లాసు పెట్టుకోవడానికి కమిటీ వాళ్ళు ఒప్పుకున్నారు. ఫీజు లేదు. ఎ2 పూర్తి చేసి ఆగిపోయిన వాళ్ళు తప్పకుండా రావాలి, కొత్తవాళ్ళూ రావచ్చు. ఆ రాయగడ అమ్మాయే మొదటి క్లాసు చెప్తుంది, నేను వెనక కూర్చుంటాను. పేర్లు రాసుకునే పుస్తకం మెట్ల దగ్గర బల్ల మీద ఉంది. పేరు మీకు బాగా వచ్చిన లిపిలో రాయండి. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి, ముందు ఆ వెనక బెంచీ పిల్లలకి మైకు ఇవ్వు తమ్ముడూ.