విమానం చక్రం చూసిన అవ్వ

(అనంతపురంలో ఉపాధ్యాయులు, మాజీ సైనికుల సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, ఉపాధ్యాయులకు, ఎప్పటిలాగే చివరి వరుస చూసుకుని కూర్చున్న నా మాజీ సైనిక సోదరులకు నమస్కారం.

నేను 20 ఏళ్లు వైమానిక దళంలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమానం బాడీ, చక్రాలు, బ్రేకులు చూసుకునే మెకానిక్‌గా పనిచేశాను. ఈ మాట చెప్పగానే చాలామంది "అయితే విమానం నడిపేవారా?" అని అడుగుతారు. నడిపేవాణ్ణి కాదు, నడిపేవాళ్ల కోసం సిద్ధంగా ఉంచేవాణ్ణి అంటాను. అడిగినవారి ముఖంలో వెలుగు సగం తగ్గుతుంది. నాకది అలవాటే.

ఉద్యోగం నుంచి దిగాక మన జిల్లా బడిపిల్లలతో కలిసి నాలుగైదు సార్లు బెంగళూరు వెళ్లాను. అక్కడ పాత విమానాశ్రయం రోడ్డులో, మన విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్ఏఎల్ వారి మ్యూజియం ఉంది. 2001లో పెట్టారు. 1951లో తొలిసారి ఎగిరిన హెచ్‌టీ-2, ఆ తర్వాత వచ్చిన మారుత్, కిరణ్ లాంటి మన దేశపు విమానాలను అక్కడ దగ్గరగా చూడవచ్చు. ఢిల్లీలో పాలం దగ్గర ఉన్న వైమానిక దళ మ్యూజియం ఇంకా పాతది, 1967 నాటిది. అది చూడదగ్గదే కానీ మన పిల్లలకు అందే దూరంలో లేదు. బెంగళూరైతే తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరవచ్చు.

చిక్కంతా ఆ ఒక్క రోజుతోనే. లాల్‌బాగ్, విశ్వేశ్వరయ్య మ్యూజియం, బన్నేరుఘట్ట జూ అన్నీ అందులోనే ఇమడాలి. మధ్యలో ఎక్కడో అరగంట విమానాలు. పిల్లలు బస్సు దిగుతారు, రెక్క కింద వరుసగా నిలబడతారు, ఫొటో తీయించుకుంటారు, ఈల వినబడగానే మళ్లీ బస్సెక్కుతారు. అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎంత స్పీడు పోతుంది సార్?" ధ్వని కంటే రెట్టింపు వేగంతో పోయేవి కూడా ఉన్నాయని చెబుతాను. "అబ్బా!" అంటారు, పక్క విమానం దగ్గరికి పరుగెత్తుతారు. అంతటితో ఆ విమానం పని అయిపోతుంది.

ఒకసారి ఒక ఉపాధ్యాయురాలు తన తల్లిని కూడా వెంట తీసుకొచ్చారు. కల్యాణదుర్గం వైపు సేద్యం చేసిన మనిషి. ఆ అవ్వ బోర్డు చదవలేదు, తల ఎత్తి ముక్కు వైపూ చూడలేదు. నేరుగా మారుత్ చక్రం దగ్గర వంగి, అరచేత్తో టైరు తట్టి చూసింది. "నాయనా, ఇంత బరువు దిగేటప్పుడు ఈ చిన్న చక్రాలు ఎట్లా ఓర్చుకుంటాయి?" అని అడిగింది. బండి కొనేవాడు ముందు చక్రమే కదా చూస్తాడు!

నా సర్వీసు మొత్తంలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. నేను పనిచేసిన మిగ్-21 యుద్ధవిమానం సంగతి చెప్పాను. అది గంటకు 300 కిలోమీటర్లకు పైగా వేగంతో నేలను తాకుతుంది. బ్రేకుల మీదే భారమంతా వేస్తే టైర్లకూ కష్టం, రన్‌వే కూడా చాలా పొడవు కావాలి. అందుకే తోక నుంచి ఒక పారాచూట్ విచ్చుకుని వెనక్కి లాగుతుంది. దిగిన తర్వాత ఆ గుడ్డను తెచ్చి మళ్లీ చేత్తోనే మడిచి పెట్టాలి. మడత తప్పితే తర్వాతిసారి విచ్చుకోకపోవచ్చు. "అయితే ఎగిరేది ఆయన, మడిచేది మీరు" అంది అవ్వ. అవునన్నాను.

పిల్లలు ఒక్కొక్కరే చుట్టూ చేరారు. రన్‌వే మీద రాళ్లు ఏరడం గురించి చెప్పాను. చిన్న రాయి, ఊడిన నట్టు, ఏదైనా సరే, ఇంజను పీల్చుకుంటే లోపల తిరిగే బ్లేళ్లు దెబ్బతింటాయి. అందుకే మేము భుజం భుజం కలిపి వరుసగా నడుస్తూ నేలంతా వెతికేవాళ్లం. చేటలో వేరుశనగ గింజలు పోసుకుని రాళ్లు ఏరినట్టే అన్నాను. ఆ పోలికకు అవ్వ ఎంత నవ్విందో! ఆరోజు ఒక్క విమానం దగ్గరే గంటకు పైగా గడిచిపోయింది. బన్నేరుఘట్ట తప్పింది. దానికి ఎవరు ఎవరిని ఏమన్నారో ఇక్కడ చెప్పను.

మ్యూజియం బోర్డుల మీద ఇంజను పేరు ఉంటుంది, రెక్కల కొలత ఉంటుంది. ఫామ్ 700 ఉండదు. ప్రతి విమానానికీ ఉండే రికార్డు అది. ఏ పని చేశామో రాసి మేము సంతకం పెడతాం. పైలట్ అది చూసి, తానూ సంతకం పెట్టి విమానం ఎక్కుతాడు. కింది సంతకాన్ని నమ్మి పైకి వెళ్లే ఉద్యోగం అది. పైలట్లను తగ్గించి మాట్లాడుతున్నానని అనుకోవద్దు. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీద దాడి జరుగుతుండగా నాట్ అనే చిన్న యుద్ధవిమానంలో పైకి లేచి, పోరాడి ప్రాణమిచ్చిన నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ పేరు మన ప్రతి పిల్లవాడికీ తెలియాలి. వైమానిక దళంలో పరమవీర చక్ర పొందినది ఆయన ఒక్కరే. ఆ నాట్‌ను సిద్ధం చేసిన చేతులు కూడా కొన్ని ఉన్నాయని మాత్రమే నా మాట.

1933 ఏప్రిల్ 1న కరాచీలో మన వైమానిక దళపు మొదటి స్క్వాడ్రన్, అంటే మొదటి విమానాల జట్టు, నాలుగు వాపిటి విమానాలతో మొదలైంది. నేల మీద పనిచేసే 19 మందిని అప్పట్లో హవాయి సిపాయిలు, అంటే గాలి సిపాయిలు అనేవారు. ఆ పేరంటే నాకు ఎంతో ఇష్టం. ఇంకొక ముచ్చట. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంగ్లీషువాళ్లు కాన్పూరులో లిబరేటర్ బాంబర్లను పనికిరాకుండా చేసి వదిలేసి పోయారు. హెచ్ఏఎల్ కార్మికులు వాటిలో 42 విమానాలకు మళ్లీ ప్రాణం పోశారు. అవి 1968 వరకు మన దళంలో ఎగిరాయి. ఒకటి ఇప్పుడు పాలంలో ఉంది. కొన్ని బ్రిటన్, అమెరికా, కెనడా మ్యూజియాలకు చేరాయి. అక్కడివాళ్లు టిక్కెట్టు కొని చూస్తున్నది సగం మన చేతిపనే!

కనుక అయ్యవార్లకు నా విన్నపం ఇది. ఈసారి యాత్రలో ఒక చోటు తగ్గించండి. విమానాలకు రెండు గంటలు ఇవ్వండి. బస్సుకు ఒక మాజీ ఎయిర్‌మన్‌ను ఎక్కించుకోండి. ఎన్ని చోట్లు చూపించారని తల్లిదండ్రులు లెక్క అడుగుతారని మీరంటారు, నిజమే. నాకు దానికి జవాబు లేదు, ఆ అవ్వను పంపడం తప్ప. ముసలివాళ్లం మొదలుపెడితే ఆపం అని కూడా అంటారు. అదీ నిజమే, గడియారం మీరు పట్టుకోండి.

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కు వీడ్కోలు చెప్పారు. 1963లో వచ్చిన విమానం. దానికి పారాచూట్ మడిచినవాళ్లు మన జిల్లాలోనూ ఉన్నారు, ఈ హాల్లో చివరి వరుసలోనూ ఉన్నారు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గరున్న పుస్తకంలో మీ ఊరు, మీరు చేసిన పని, ఏ విమానం మీద చేశారో రాసి పోండి. హోదా రాయకపోయినా ఫరవాలేదు.

ఇక మీ ప్రశ్నలు. ఎంత స్పీడు పోతుందన్నది తప్ప ఏదైనా అడగండి.