పేరు మేనేజరుది, గొంతు బెన్ ఇ. కింగ్‌ది

అందరికీ నమస్కారం.

1958లో న్యూయార్క్‌లో జార్జ్ ట్రెడ్‌వెల్ అనే మేనేజరు తన దగ్గర పాడుతున్న బృందం మొత్తాన్ని ఒకేసారి పనిలోంచి తీసేశాడు. ఆ బృందం పేరు డ్రిఫ్టర్స్. మనుషులు వెళ్లిపోయారు గానీ పేరు అక్కడే ఉండిపోయింది. ఎందుకంటే ఆ పేరు ట్రెడ్‌వెల్ సొంతం. ఆ పేరు మీద న్యూయార్క్‌లో నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే హార్లెమ్ పేటలోని అపోలో థియేటర్‌లో కచేరీలు చెయ్యడానికి అతను ముందే ఒప్పుకుని ఉన్నాడు. మరి పాడేదెవరు? అపోలోలోనే పాడుతున్న ఫైవ్ క్రౌన్స్ అనే కుర్రాళ్ల జట్టును తీసుకుని వాళ్లకే డ్రిఫ్టర్స్ అని పేరు పెట్టేశాడు. ఆ కుర్రాళ్లలో ఒకడు బెంజమిన్ ఎర్ల్ నెల్సన్. తర్వాత లోకానికి బెన్ ఇ. కింగ్‌గా తెలిసినవాడు ఇతనే.

డ్రిఫ్టర్స్‌ను 1953లో మొదలుపెట్టింది క్లైడ్ మెక్‌ఫాటర్ అనే అద్భుతమైన గాయకుడు. ఏడాది తిరక్కుండానే సైన్యం నుంచి పిలుపొచ్చింది. తర్వాత బృందంలో తనకున్న వాటాను ట్రెడ్‌వెల్‌కి అమ్మేశాడు. అప్పట్నుంచీ డ్రిఫ్టర్స్‌లో పాడటమంటే ఒక ఉద్యోగం. వారానికి ఇంత అని జీతం. రికార్డు ఎన్ని లక్షలు అమ్ముడైనా ఆ జీతమే. నెల్సన్ ప్రయాణాన్ని నేను ఈ జీతం వైపు నుంచే చెప్పాలనుకుంటున్నాను. అతని గొంతు గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు, లెక్కల గురించి తక్కువమంది.

అతను పుట్టింది 1938 సెప్టెంబర్ 28న, నార్త్ కరోలినాలోని హెండర్సన్‌లో. తొమ్మిదేళ్ల వయసులో కుటుంబంతో హార్లెమ్ వచ్చాడు. తండ్రి అక్కడ చిన్న హోటల్ నడిపేవాడు, కొడుకు అందులో పని చేసేవాడు. చిన్నప్పుడు పాట నేర్చింది చర్చిలో. పెద్దవుతున్నకొద్దీ ఆ పాట వీధిలోకి వచ్చింది.

అప్పటి హార్లెమ్ వీధుల్లో వినిపించే పాటనే ఇప్పుడు డూ-వాప్ అంటున్నాం. నలుగురైదుగురు కుర్రాళ్లు ఏ మెట్ల కిందో, సబ్‌వే స్టేషన్‌లోనో, గొంతు ప్రతిధ్వనించే చోటు చూసుకుని పాడేవాళ్లు. వాయిద్యాలు కొనే స్తోమత లేదు కాబట్టి వాటి పని కూడా గొంతులే చేసేవి. ఒకడు కింది స్థాయిలో అర్థం లేని అక్షరాలతో తాళం నడిపేవాడు, ఇద్దరు మధ్యలో సుతి కలిపేవాళ్లు, మరొకడు పైన అసలు పాట పాడేవాడు. మన శాస్త్రీయ సంగీతంలో గొంతు ఒకే దారిన నడుస్తుంది. వేరువేరు స్వరాలు ఒకేసారి పలికి ఒకటిగా వినిపించడం మనకు ఎక్కువగా చర్చి పాటల్లో, సినిమా కోరస్‌లలో తెలుసు. హార్లెమ్‌లో అది రోడ్డు మీది ఆట.

కొత్త డ్రిఫ్టర్స్‌కి మొదట్లో చుక్కెదురైంది. టికెట్ కొన్నవాళ్లు పాత మొహాల కోసం వచ్చారు, స్టేజీ మీద ఎవరో కొత్తవాళ్లు. చాలాచోట్ల గోల చేశారు. ఆ పరిస్థితి మార్చింది 1959లో వచ్చిన ‘దేర్ గోస్ మై బేబీ’. రాసినవాళ్లలో నెల్సన్ ఒకడు. నిజానికి పాడాల్సింది చార్లీ థామస్. స్టూడియోలో మైకు ముందు అతనికి టెన్షన్ వచ్చి గొంతు పెగల్లేదు. రాసిన కుర్రాడినే పాడమన్నారు.

ఆ రికార్డు నాకు మహా ఇష్టం, అదంతా గందరగోళంగా ఉంటుంది కాబట్టే. జెర్రీ లీబర్, మైక్ స్టోలర్ అనే జంట నిర్మాతలు దానికి వయొలిన్లు పెట్టారు. నల్లజాతి కుర్రాళ్ల వీధి పాటకి అలాంటి హంగు అప్పటికి కొత్త. వెనకాల టింపని అనే పెద్ద డోలు ఒకటి ఉంది. పాట స్వరాలు మారుతున్నా అది మాత్రం తన శ్రుతి వదలకుండా మోగుతూ పోతుంది. ఆ రికార్డు వేసిన కంపెనీ అట్లాంటిక్ రికార్డ్స్ పెద్ద జెర్రీ వెక్స్‌లర్ విని, ఇది రెండు స్టేషన్ల మధ్య ఇరుక్కున్న రేడియోలా ఉందని విసుక్కున్నాడు. కానీ ఏ పాట ఎంత నడుస్తోందో చెప్పే బిల్‌బోర్డ్ పత్రిక పాప్ పట్టికలో అది 2వ స్థానానికి, నల్లజాతి సంగీతానికి వేరుగా ఉండే ఆర్ అండ్ బీ పట్టికలో 1వ స్థానానికి వెళ్లింది. ఇక రికార్డు మీద రచయితల పేర్లు చూడండి: నెల్సన్, లవర్ ప్యాటర్సన్, జార్జ్ ట్రెడ్‌వెల్. ప్యాటర్సన్ ఫైవ్ క్రౌన్స్ మేనేజరు. ట్రెడ్‌వెల్ సంగతి చెప్పాను కదా. పాట రాసింది కుర్రాడు, పేర్లు మాత్రం మూడు. ఆ రోజుల్లో ఇది మామూలే.

1960లో డ్రిఫ్టర్స్‌కి నెల్సన్ పాడిన ‘సేవ్ ది లాస్ట్ డ్యాన్స్ ఫర్ మీ’ పాప్ పట్టికలో 1వ స్థానం కొట్టింది. దాన్ని రాసిన ఇద్దరిలో ఒకరైన డాక్ పోమస్‌కి చిన్నప్పుడే పోలియో వచ్చింది. తన పెళ్లి వేడుకలో భార్య ఇతరులతో నాట్యం చేస్తుంటే కూర్చుని చూసిన జ్ఞాపకం ఆ పాటలో ఉంది. ఆ సంగతి తెలిశాక వింటే, నవ్వుతూ పాడుతున్నట్టున్న గొంతు అడుగున ఏముందో అర్థమవుతుంది.

ఈ హిట్ నాటికే నెల్సన్ ట్రెడ్‌వెల్‌తో తెగదెంపులు చేసుకున్నాడు. అందరి తరఫునా లేచి జీతం పెంచమని అడిగితే, నీ సంగతి నువ్వు మాట్లాడుకో అన్నాడట మేనేజరు. ఇతను బయటికి నడిచాడు. మిగిలినవాళ్లు వెనకే వస్తారనుకున్నాడు, ఎవరూ కదల్లేదు. టీవీలో అతని పాటలకి చార్లీ థామస్ పెదవులు కదిపాడు. ముందు గొంతు పోయిందని తప్పుకున్న మనిషే, ఇప్పుడు ఆ గొంతుకి మొహమయ్యాడు.

బెన్ ఇ. కింగ్ అనే పేరు అప్పుడే పుట్టింది. ఈ పేరు అతని సొంతం. 1960 అక్టోబర్ 27న ఒకే సెషన్‌లో ‘స్పానిష్ హార్లెమ్’, ‘స్టాండ్ బై మీ’ రెండూ రికార్డు చేశాడు. మొదటిది చక్కని పాటే గానీ, నా చెవికి తీపి కాస్త ఎక్కువ. రెండోది వేరే సంగతి.

‘స్టాండ్ బై మీ’కి మూలం చర్చిలో ఉంది. ఫిలడెల్ఫియా పాస్టర్ చార్లెస్ ఆల్బర్ట్ టిండ్లీ 1905 ప్రాంతంలో అదే పల్లవితో ఒక భక్తిగీతం రాశాడు. కొండలు సముద్రంలో కూలినా భయపడనన్న మాట బైబిల్లో 46వ కీర్తనలోది, మన చర్చిల్లో తెలియనివారుండరు. కింగ్ చేసిందల్లా దేవుణ్ణి పిలిచే చోట ప్రియురాలిని పిలవడం. సోల్ సంగీతమంటే చాలావరకు ఇదే: ప్రార్థించే గొంతుతో ప్రేమ గురించి పాడటం. స్టోలర్ కట్టిన బేస్ వరస, అంటే కింది స్వరాల తీగ వాయిద్యం మోగించే వరస, ముందు ఒంటరిగా వస్తుంది, పక్కన గరగరమనే ఒక చిన్న చప్పుడు, తర్వాత గొంతు. కింద తిరిగేవి డూ-వాప్ కుర్రాళ్లు వేల పాటల్లో వాడిన నాలుగు కార్డ్సే, అంటే ఒకేసారి పలికే స్వరాల గుంపులే. వయొలిన్లు వచ్చేదాకా అసలు హంగే లేదు.

రచయితలుగా బెన్ ఇ. కింగ్, ఎల్మో గ్లిక్ అని వేశారు. ఎల్మో గ్లిక్ అంటే లీబర్, స్టోలర్ కలిసి పెట్టుకున్న మారుపేరు. ఈసారి పాటలో మేనేజరుకి వాటా లేదు. 1961లో పాప్ పట్టికలో 4వ స్థానం, ఆర్ అండ్ బీలో 1వ స్థానం.

తర్వాత కొన్నేళ్లు గబగబా చెప్పేస్తాను. 1962లో ‘డోంట్ ప్లే దట్ సాంగ్’ హిట్ అయింది. 1964లో ఇంగ్లండ్ నుంచి బీటిల్స్ అనే బృందం దిగింది, రేడియోలో ఇలాంటివాళ్లకి చోటు తగ్గింది. కింగ్ హోటళ్లలో, క్లబ్బుల్లో పాడుకున్నాడు. మయామీలో అలా పాడుతుంటే అట్లాంటిక్ అధిపతి అహ్మెట్ ఎర్టెగన్ విని మళ్లీ కంపెనీలోకి పిలిచాడు. 1975లో ‘సూపర్‌నాచురల్ థింగ్’ పాప్ పట్టికలో 5వ స్థానానికి వచ్చింది. తాళం మీదే నడిచే డ్యాన్సు తరహా ఫంక్ పాట అది, పాత కింగ్ కోసం వెతికితే దొరకడు.

1986లో ‘స్టాండ్ బై మీ’ అన్న పేరుతోనే ఒక హాలీవుడ్ సినిమా వచ్చింది. పాతికేళ్ల నాటి పాట మళ్లీ అమెరికాలో 9వ స్థానానికి ఎక్కింది. మరుసటి ఏడాది జీన్స్ ప్రకటనలో వాడితే బ్రిటన్‌లో 1వ స్థానం. అమెరికాలో రేడియోలో పాట మోగితే రచయితకే డబ్బొస్తుంది, గాయకుడికి రాదు. ఆ ఒక్క పాట మీద రచయితగా పేరు వేయించుకోకపోయి ఉంటే, రేడియోలో అది మోగిన ప్రతిసారీ కింగ్‌కి మిగిలేది వినడమే. ఈ గొడవ మనకీ కొత్త కాదు. 2017లో బాలుగారి అమెరికా కచేరీలప్పుడు ఇళయరాజాగారి దగ్గర్నుంచి వచ్చిన నోటీసు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పాట కట్టినవారిదా, పాడినవారిదా అని ఇళ్లల్లో వాదించుకున్నాం.

ట్రెడ్‌వెల్ 1967లో పోయాడు. డ్రిఫ్టర్స్ అనే పేరు ఆయన భార్య ఫేయ్ చేతికి వచ్చింది. ఆ పేరు కోసం కోర్టుల్లో కేసులు నడిచాయి. కింగ్ న్యూజెర్సీలోని టీనెక్‌లో స్థిరపడి చివరిదాకా పాడుతూనే ఉన్నాడు. 2015లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ‘స్టాండ్ బై మీ’ని భద్రపరచవలసిన జాతీయ రికార్డుల జాబితాలో చేర్చింది. అదే ఏడాది ఏప్రిల్ 30న, 76 ఏళ్ల వయసులో కింగ్ పోయాడు.

ఇప్పుడు ‘దేర్ గోస్ మై బేబీ’ వినిపిస్తాను. వయొలిన్లను కాసేపు పక్కన పెట్టి, ఆ టింపని ఎక్కడ పాటతో గొడవపడుతోందో పట్టుకోండి. తర్వాత మీ ప్రశ్నలు.