బ్రిడ్జి పియర్ రెండో భూకంపాన్ని ఎలా తట్టుకుంటుంది?

నమస్తే అండీ. నా వెనక కనిపిస్తున్నది తుంగభద్ర. కర్నూలు బ్రిడ్జి మీద లారీల మోత ఎక్కువగా ఉంది, అందుకే కిందికి దిగి మాట్లాడుతున్నా.

"మనది జోన్ 2 కదా సార్, ఈ భూకంపాల గోల మనకెందుకు?" అని స్టూడెంట్స్ అడుగుతుంటారు. భూకంపాలను తట్టుకునే కట్టడాల కోసం మన దేశం పెట్టుకున్న ప్రమాణం ఐఎస్ 1893. దాని 2016 నాటి మ్యాప్‌లో కర్నూలు జోన్ 2లోనే, అంటే అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న జోన్‌లోనే ఉంది, నిజమే. కానీ 1993లో భూకంపం వచ్చేదాకా మహారాష్ట్రలోని కిల్లారి కూడా అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న జోన్‌లోనే ఉండేది మరి.

సరే, ఈ బైండింగ్ వైరు చూడండి. ఒకసారి వంచితే ఏమీ కాదు. అదే చోట వంచుతూ, సాపు చేస్తూ పోతే... ఇదిగో, తెగింది. పియర్, అంటే బ్రిడ్జిని మోసే స్తంభం. దానిలోని నిలువు రాడ్డు కూడా భూకంపంలో ఇలాగే అలసిపోతుంది. 2023 ఫిబ్రవరి 6న టర్కీలో 7.8 తీవ్రతతో ఒకటి వచ్చింది, సుమారు తొమ్మిది గంటలకే 7.5తో ఇంకొకటి. మొదటి దెబ్బకు మెత్తబడిన పియర్ రెండోసారి ఇంకా ఎక్కువ ఊగుతుంది.

పెద్ద భూకంపంలో పియర్‌కు చిన్న పగులు కూడా రాకూడదని ఎవరూ డిజైన్ చేయరు. దెబ్బ ఎక్కడ తగలాలో ముందే అనుకుంటారు. మామూలుగా అది పునాదికి కాస్త పైన, పియర్ మొదట్లో. దాన్ని ప్లాస్టిక్ హింజ్ అంటాం. అక్కడ రాడ్లు సాగుతూ కుదుపు శక్తిని మింగేస్తాయి.

ఆ చోట అసలు పని రింగులది, అంటే నిలువు రాడ్ల చుట్టూ అడ్డంగా కట్టే కడ్డీలది. ఇసుక కుప్ప మీద నిలబడితే జారిపోతుంది. అదే ఇసుకను గోనె సంచిలో బిగించి కడితే మనిషిని మోస్తుంది. కాంక్రీటుకు రింగులే గోనె సంచి. రాడ్డు పక్కకు ఉబ్బకుండా పట్టుకునేవీ అవే. 1971లో కాలిఫోర్నియాలో శాన్ ఫెర్నాండో భూకంపం వచ్చేనాటికి అక్కడి బ్రిడ్జి కాలమ్స్‌లో మామూలుగా అరంగుళం రింగులు అడుగుకొకటి వేసేవాళ్లు. బ్రిడ్జిలు కూలాక గానీ దగ్గరదగ్గరగా చుట్టడం మొదలుకాలేదు.

ఇక కొక్కెం, అంటే రింగు కొసన వేసే వంపు. నేను చూసిన ఒక సైటులో అన్నీ 90 డిగ్రీలే. బయటి కవర్, అంటే రింగుల మీద ఉండే కాంక్రీటు పొర, రాలగానే అలాంటి రింగు విప్పుకుంటుంది. 135 డిగ్రీలు వంచి కొసను లోపలికి పంపాలి. మేస్త్రీని అడిగితే, "లోపలికి వంచితే వైబ్రేటర్ నీడిల్ దిగదు సార్" అన్నాడు. ఆయన ఇబ్బంది అబద్ధమేం కాదు. కొక్కేలన్నీ ఒకే మూలకు రాకుండా మార్చుకుంటూ పోతే నీడిల్‌కు దారి దొరుకుతుంది.

భూకంపం తర్వాత పగుళ్లు చూసి టెన్షన్ పడతాం. కవర్ రాలినా, రింగులు బిగువుగా, రాడ్లు నిటారుగా ఉంటే జాకెటింగ్ చేసి, అంటే చుట్టూ కొత్త తొడుగు వేసి, చాలాసార్లు కాపాడుకోవచ్చు. రాడ్డు ఉబ్బి కనిపిస్తే మాత్రం ఆగండి. తర్వాతి కుదుపులో అది మళ్లీ సాగేటప్పుడు ఆ వంపు దగ్గరే, ఇందాకటి వైరులా, పుటుక్కుమంటుంది.