కట్టలో మొదటి పది పేపర్లు

(తెర మీద: జవాబుపత్రాల కట్ట, ఎర్ర పెన్ను, సగం తాగిన టీ గ్లాసు.)

ఎనిమిది మార్కుల ప్రశ్న. పిల్లాడు సగం బాగానే రాశాడు, మిగతా సగం ఏదో నింపాడు. నాలుగు వెయ్యాలా, ఐదు వెయ్యాలా? ఎర్ర పెన్ను గాల్లో ఆగింది చూశారా, ఆ ఒక్క క్షణం గురించే ఈ వీడియో.

అన్‌కాన్షస్ బయాస్ అని వినే ఉంటారు. మనలో ఉండి మనకే తెలియని మొగ్గు. "నాకు అలాంటివేం లేవండీ" అని అందరం అంటాం. నేనూ అంటాను. అబద్ధమాడుతున్నామని కాదు, కనపడదు, అంతే. కనపడనిది ఉందని ఎలా తెలిసింది మరి? కొలిచారు.

(తెర మీద: ఒకే జవాబుపత్రానికి రెండు కాపీలు. పై అట్ట మీద వివరాలు మాత్రం వేరు.)

రీమా హన్నా, లీ లిండెన్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు మన దేశంలోనే ఒక నగరంలో పిల్లలకు బహుమతి పరీక్ష పెట్టారు. దిద్దడానికి 120 మంది టీచర్లను పిలిచారు. కిటుకంతా అట్ట మీదే ఉంది. దాని మీద రాసిన కులం, వయసు, ఆడా మగా అన్న వివరాలు ఆ పిల్లలవి కావు. లాటరీ తీసినట్టు ఏ పేపరుకు ఏది పడితే అది రాశారు. అంటే అదే జవాబు ఒక టీచరు చేతికి ఒక కులంతో వెళ్తుంది, ఇంకో టీచరు చేతికి ఇంకో కులంతో.

ఫలితాలు 2012లో అచ్చయ్యాయి. అణగారిన కులం అని రాసున్న పేపర్లకు మార్కులు తగ్గాయి. తేడా చిన్నదే, గణాంకాల భాషలో ప్రామాణిక విచలనంలో (మార్కులు సగటు నుంచి ఎంత అటూ ఇటూ చెదిరి ఉన్నాయో చెప్పే కొలతలో) 0.03 నుంచి 0.08 వంతు. ఒక పేపరు పట్టుకుని చూస్తే ఎవరికీ దొరకదు, దిద్దిన టీచరుకు అసలే దొరకదు. ఆడపిల్లా మగపిల్లాడా అన్నదాని మీద మాత్రం తేడా కనపడలేదు.

నన్ను పట్టుకున్నవి ఇంకో రెండు సంగతులు.

ఒకటి, ఈ తేడా ఎక్కువగా ముందు దిద్దిన పేపర్లలోనే ఉంది. ఎందుకై ఉంటుందంటే, కట్ట విప్పిన కొత్తలో ఎలాంటి జవాబుకు ఎన్ని వెయ్యాలో చేతికి ఇంకా కొలత కుదరదు. అలాంటప్పుడు కన్ను అట్ట మీదికి పోతుంది. "ఈ పిల్లాడు ఇంతే రాసి ఉంటాడు" అని లోపల ఎవరో అంటారు. కొన్ని పేపర్లు దిద్దాక కొలత కుదురుతుంది, అట్టతో పని ఉండదు.

రెండోది విని కాసేపు ఊరుకున్నాను. ఆ తేడా ప్రధానంగా కనిపించింది అణగారిన కులాల టీచర్లు దిద్దిన పేపర్లలో. పైకులం వాళ్ళు కింది కులం వాళ్ళను తొక్కారన్న ఒక్క ముక్కతో దీన్ని తేల్చేయలేం. చిన్నప్పటి నుంచీ చుట్టూ వినపడిన మాట, ఎవరి గురించి అన్నారో వాళ్ళ లోపలికి కూడా వెళ్ళి కూర్చుంటుంది.

(తెర మీద: కాగితం మీద చిక్కుదారుల బొమ్మ. పెన్సిల్ దారి వెతుకుతూ ఉంటుంది.)

పిల్లల వైపు నుంచి చూసినవాళ్ళు కూడా ఉన్నారు. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అని ఇద్దరు పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 6, 7 తరగతుల అబ్బాయిలకు చిక్కుదారుల పజిళ్ళు ఇచ్చారు. 321 మంది పైకులాల వాళ్ళు, 321 మంది అణగారిన కులాల వాళ్ళు. ఎవరి కులమూ చెప్పనప్పుడు ఇద్దరూ దాదాపు సమానంగా విప్పారు. అందరి ముందూ తండ్రి పేరు, కులం చదివి వినిపించాక అణగారిన కులాల పిల్లలు విప్పిన పజిళ్ళు బాగా తగ్గాయి. పజిలు అదే, పిల్లాడూ అదే.

"ఇంటిపేరేంటి బాబూ?" అన్న ప్రశ్న గుర్తొచ్చిందా? అడిగేది ఇంటిపేరు కాదని అడిగినవాళ్ళకూ తెలుసు, చెప్పేవాళ్ళకూ తెలుసు.

యాస సంగతీ అంతే. చాలా ఏళ్ళు మన సినిమాల్లో హీరో ఒక తెలుగు మాట్లాడేవాడు, రౌడీకి, నవ్వించేవాడికి తెలంగాణ యాస పెట్టేవాళ్ళు. ఈమధ్య మారిందిలెండి. కానీ ఫోన్‌లో అవతలి మనిషి నాలుగు ముక్కలు మాట్లాడగానే ఊరు, చదువు, జీతం లెక్కగట్టేసే అలవాటు నాకింకా పోలేదు.

(తెర మీద: మూసి ఉన్న కాఫీ షాపు తలుపు.)

మరి దీనికి మందు? ఒక పూట క్లాసు పెడితే పోతుందా? స్టార్‌బక్స్ 2018 మే 29న అమెరికాలో ఎనిమిది వేల పైచిలుకు దుకాణాలు మధ్యాహ్నం నుంచి మూసేసి సిబ్బందికి పాఠం చెప్పించింది. ఆ మరుసటి ఏడాది 492 అధ్యయనాలను కలిపి చూసినవాళ్ళకు తేలిందేమిటంటే, ఈ మొగ్గును కొలిచే పరీక్షల్లో వచ్చే అంకెను కాస్త జరపొచ్చు, దానివల్ల నడవడిక మారినట్టు మాత్రం కనపడలేదు. అందుకే మనసు కడుక్కోమని చెప్పే క్లాసుల మీద నాకు పెద్ద ఆశ లేదు.

నాకు ఆశ స్పాట్ వాల్యుయేషన్ మీద. నవ్వకండి. ఇంటర్ పేపరు దిద్దేటప్పుడు హాల్‌టికెట్ నంబరు కనపడదు, కోడ్ మాత్రమే ఉంటుంది. పెన్ను పట్టే ముందే ఏ పాయింటుకు ఎన్ని మార్కులో స్కీమ్ చేతికిస్తారు. పైన ఛీఫ్ ఎగ్జామినర్ కొన్ని తీసి మళ్ళీ చూస్తారు. ఇందులో ఎవరి మంచితనం మీదా ఆధారపడింది లేదు. అట్ట దాచేశారు, కొలత ముందే చేతికిచ్చారు.

అదే ప్రాక్టికల్స్‌కి, వైవాకి వచ్చేసరికి? పిల్లాడు ఎదురుగా నిలబడతాడు. పేరు, యాస, చెప్పులు అన్నీ కనపడతాయి. అడిగే ప్రశ్నలకు చాలాచోట్ల స్కీమ్ ఉండదు, "ఏదో ఒకటి అడగండి సార్" అంటారు. ఉద్యోగాల ఇంటర్వ్యూలు కూడా చాలావరకు ఇలాగే జరుగుతాయి. అడగబోయే ప్రశ్నలు, వాటి మార్కులు ముందే రాసుకుని, అందరినీ అవే అడగడానికి ఒక కాగితం చాలు.

(తెర మీద: చెయ్యి కట్టలోంచి పై పది పేపర్లు తీసి పక్కన పెడుతుంది.)

చూసేవాళ్ళలో టీచర్లుంటే ఒక చిన్న పని. ఈసారి యూనిట్ టెస్ట్ కట్ట మొత్తం దిద్దాక, మొదట దిద్దిన పది పేపర్లు ఇంకొకరి చేత అట్ట మడిచిపెట్టించి, మార్కులు కప్పేసి, మళ్ళీ దిద్దండి. రెండు అంకెలూ పక్కపక్కన రాయండి. తేడా ఎంతొచ్చిందో కింద కామెంట్‌లో పెట్టండి. పేర్లొద్దు, అంకె చాలు.