ఇమ్యూనిటీ తక్కువ అనేస్తే సరిపోతుందా?

హోస్ట్: డాక్టర్ గారూ, ఒకే ఇంట్లో అందరికీ ఒకే వైరస్ సోకుతుంది. ఒకరు రెండు రోజులు దగ్గి లేచి తిరుగుతారు, ఇంకొకరు వెంటిలేటర్ మీదకు వెళ్తారు. ఇమ్యూనిటీ తక్కువ అనేస్తాం. అంతేనా?

డాక్టర్: ఆ మాట నాకు నచ్చదండీ. సరిగ్గా తినలేదనో, నిద్రపోలేదనో తప్పంతా రోగి మీదకు నెట్టినట్టుంటుంది. హెర్పిస్ సింప్లెక్స్ టైప్ 1 సంగతి చూడండి. పెదవి మీద పొక్కులు తెచ్చే వైరస్. లోకంలో సగం మందికి పైగా ఒంట్లో ఉంటుంది. ఎక్కడో ఒక పిల్లాడికి మాత్రం మెదడుకు పాకుతుంది. అలాంటి పిల్లల్లో ఇద్దరికి టీఎల్‌ఆర్3 అనే జన్యువులో లోపం ఉందని 2007లో తేలింది. మిగతా వైరస్‌లను వాళ్లు మామూలుగానే తట్టుకున్నారు.

హోస్ట్: అంటే చిల్లు ఒక్కచోటే ఉందా?

డాక్టర్: అవును. వైరస్ ఆనవాళ్లను టీఎల్‌ఆర్3 పసిగడితే, కణం ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రోటీన్‌ను వదులుతుంది. అది అందగానే చుట్టుపక్కల కణాలు జాగ్రత్త పడతాయి. రక్తంలోని కణాలకు ఇందుకు వేరే దారులున్నాయి. మెదడు కణాలకు ఈ దారే కీలకం.

హోస్ట్: మరి కోవిడ్‌లో?

డాక్టర్: అక్కడ జన్యువు బాగానే ఉన్నవాళ్లకూ ఇదే గతి పట్టింది. 2020లో ప్రాణాపాయ స్థితికి చేరిన 987 మందిని పరీక్షిస్తే, 101 మంది రక్తంలో తమ సొంత ఇంటర్‌ఫెరాన్‌నే పనిచేయనివ్వని యాంటీబాడీలు కనిపించాయి. వాళ్లలో 95 మంది మగవాళ్లే. తేలిగ్గా బయటపడ్డ 663 మందిలో ఒక్కరికీ లేవు! ఆ అంకెలు చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

హోస్ట్: జబ్బు వచ్చాక పుట్టినవేమో?

డాక్టర్: కొందరివి పాత రక్త నమూనాలు దొరికాయి. వాటిలోనూ ఉన్నాయి. 70 దాటినవాళ్లలో ఇవి ఎక్కువ కూడా.

హోస్ట్: ఇది తెలిస్తే వైద్యం మారుతుందా?

డాక్టర్: హెర్పిస్ వల్ల మెదడువాపు అనుమానం వస్తే ఎసైక్లోవిర్ అనే వైరస్ మందు వెంటనే మొదలుపెట్టాలి, ఏ జన్యు పరీక్ష కోసమూ ఆగకూడదు. రిపోర్టు తర్వాతెప్పుడో వస్తుంది. కానీ దాని విలువ దానికుంది. ఒక తల్లి ప్రతి రౌండ్‌లోనూ నన్ను ఒకటే అడిగేది, “ఆ రోజు వానలో తడవనిచ్చాను సార్, అందుకేనా?” అని. కాదని ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. చివరికి రిపోర్టు తెచ్చి ఆమె పక్కన కూర్చుని, ఆ జన్యువు పేరు మీద వేలు పెట్టి చూపించాను.